ఉట్నూరులో వెలసిన సలాదమ్మ

ఆ రోజుల్లో కూరగాయ అన్నాక పొయ్యి ఎక్కాల్సిందే. పొయ్యి ఎక్కని కూరగాయను తినేది గొడ్లూ, పట్నపోళ్లూ అని మా అత్త అంటుండేది. (జొన్న గటకలోకి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కోవడం వేరే సంగతి. దాన్ని ఎవరూ వంట అనలేదు, పళ్లెంలో పేర్చి పదిమందికి చూపించనూ లేదు.) హుస్నాబాద్ పక్క పల్లెలో పుట్టి పెరిగిన నేను కూడా అట్లాగే అనుకునేదాన్ని. ఇప్పుడు డాక్టరు రోజూ ఒక గిన్నెడు పచ్చి ముక్కలు తినమంటే మేక లాగా నములుతూ కూర్చుంటున్నాను గానీ, ఒకప్పుడు ఈ పచ్చి ముక్కల మూలంగా నాకు నిద్ర పట్టలేదనీ, అన్నం సయించలేదనీ, కడుపులో ఒక కుంపటి పెట్టుకుని తిరిగాననీ చెబితే మా కోడలు నమ్మదు. కుంపటికి కారణం కూరగాయలు కాదు లెండి. వాటిని కోసిన మనిషి.

పెళ్లయిన రెండో ఏడు మావారికి ఉట్నూరు బ్లాకు ఆఫీసుకు బదిలీ అయింది. ఆయన అక్కడ గుమాస్తా. "అడవిలకు పోతున్నవా బిడ్డా" అని మా అవ్వ ఏడిస్తే, "ఏడుస్తవేందే, సర్కారు కొలువు, జీపుంటదట" అని బాపు ధైర్యం చెప్పాడు. జీపు ఉన్న మాట నిజమే. అది బీడీవో సాబుది. మాకు దాని దుమ్ము మాత్రం ఉండేది. ఆఫీసు వెనుక వరసగా క్వార్టర్లు. ఒక పక్క కాంపౌండరు గారి బేగం, ఆమెను అందరం ఆపా అనేవాళ్లం. రెండో పక్క ఓవర్సీరు గారిల్లు. ఓవర్సీరు భార్య పట్నం పిల్ల, నాకంటే ఏడాదో రెండేళ్లో చిన్నది. పేరు ఒకటుండేది గానీ క్వార్టర్లలో అందరికీ ఓవర్సీరమ్మే. తెల్లగా, సన్నగా, ఎప్పుడూ నలగని చీరలో ఉండేది. ఆమె చీర ఎందుకు నలగదో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆమె పొయ్యి ముందు ఎక్కువసేపు కూర్చోదని.

మేము వచ్చిన ఏడే పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక బీడీవో సాబు ఇంట్లో అందరికీ చాయ్ పెట్టారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో తినే వస్తువు తేవాలని బీడీవో సాబు తల్లి కబురు చేసింది. ఆమెను అందరం పెద్దవ్వ అనేవాళ్లం. చూపు కొంచెం మందగించినా క్వార్టర్ల మీద పెత్తనం మాత్రం ఏమీ మందగించలేదు. నేను పొద్దున్నే లేచి మినప్పప్పు రుబ్బి, కళ్లలోకి పొగ పోతుంటే కొంగుతో తుడుచుకుంటూ, బుట్టెడు గారెలు చేశాను. చేతి మీద నూనె పడి బొబ్బ కూడా లేచింది. (ఆ బొబ్బను ఎవరైనా అడుగుతారేమోనని చేయి ముందుకే పెట్టుకుని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.)

అప్పుడు వచ్చింది ఓవర్సీరమ్మ, చేతిలో ఒక పింగాణీ పళ్లెంతో. పళ్లెంలో పైన ఎర్రటి టమాటా చక్రాలు ఒక వరస, మధ్యలో తెల్లటి ముల్లంగి ఒక వరస, కింద పచ్చటి కీరదోస ఒక వరస. నడిమధ్య ఉల్లిగడ్డ చక్రం, దానిలో కొత్తిమీర కాడలు ఆకుల్లాగా. జెండా! మొత్తం జెండా! పైన నిమ్మరసం పిండి, మిరియాల పొడి చల్లింది. "ఏందమ్మా ఇది?" అని ఎవరో అడిగితే, "సలాదు" అంది, పాపం మెల్లగానే అంది. నాకు మాత్రం కోటగోడ మీదినుంచి అన్నట్టు వినబడింది.

ఇక చూడండి. బీడీవో సాబు "వాహ్వా" అన్నాడు. కాంపౌండరు గారు "బహుత్ ఖూబ్" అన్నారు. జెండాను తినడం తప్పేమో అని ఒక క్షణం అందరూ జంకారు గానీ, బీడీవో సాబు ముందు చేయి పెట్టేసరికి దేశభక్తితోనే పళ్లెం ఊడ్చేశారు. నా గారెలూ అయిపోయాయి, కాదనను. కానీ గారెలను మాట్లాడుకుంటూ తిన్నారు. సలాదును చూసుకుంటూ తిన్నారు. ఆ తేడా గారెలు చేసినవాళ్లకే తెలుస్తుంది. అన్నింటికంటే మించి, మావారు ఇంటికి వస్తూ దారిలో, "ఎంత కమ్మగుందే! పొయ్యి ముట్టియ్యకుంటనే గంత మంచిగ చేసిందంటే, గామె చెయ్యి గట్టిది" అన్నారు. నేను ఆగిపోయాను.

"చెయ్యి గట్టిదా? కత్తి గట్టిదా? కోసుడు గూడ ఒక వంటనేనా?"

"కోసుట్ల గూడ ఉంటది. మన ఇంట్ల ముల్లంగి కోస్తే కట్టెలు కొట్టినట్టుంటది."

ఆ మాట ఆయన అక్కడే మరిచిపోయారు. నాకు మాత్రం అక్కడినుంచే మొదలైంది. మరునాడు బెండకాయ వేపుడు పెడితే నాలుగు మెతుకులు కలుపుకుని, "ఒక కీరకాయ కోసియ్యరాదు, పచ్చిగనే" అన్నారు. నేను కోసిచ్చాను. ఆయన ముక్కను వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా తిన్నారు. ఏమీ అనకపోవడం ఎంత పెద్ద మాటో పెళ్లయినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఓవర్సీరమ్మ మీద కోపం పెంచుకోవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. కానీ ఆమె నాకు సాయం చేయలేదు. ఎదురైతే "అక్కా, మంచిగున్నరా?" అని నవ్వేది. మా ఇంట్లో చక్కెర అయిపోతే అడగకముందే పంపేది. ఒకరోజు నా గారెల గురించి అడిగి, "మినప్పప్పు ఎంతసేపు నానాలక్కా? నేను చేస్తే రాళ్ల లెక్క అయితున్నయి" అంది. చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చీర మడతలే చూశాను. ఒక్క మడత, ఒక్కటంటే ఒక్కటి చెదిరినా నాకు ఆ పూట నెమ్మదిగా ఉండేది.

తలుపేసుకుని సాధన మొదలుపెట్టాను. ఆమె టమాటాతో గులాబీ చేస్తుందని ఆపా చెప్పింది. నేనూ టమాటా తొక్క తీసి చుట్టాను. అది గులాబీ కాలేదు, దెబ్బ తగిలిన వేలికి కట్టు కట్టినట్టయింది. ముల్లంగితో తామర చేయబోతే చీపురుకట్ట వచ్చింది. చెడిపోయినవన్నీ పారేయడం పాపమని రాత్రి అన్నంలో మావారికే పెట్టాను. నాలుగు రోజులు పోయేసరికి ఆయన కడుపు పట్టుకుని ఆపా వాళ్ల ఇంటి ముందు కూర్చున్నారు. కాంపౌండరు గారు రంగునీళ్ల మందు ఇచ్చి, "క్యా ఖాయే మియా?" అని అడిగితే, మావారు నా వైపు చూసి, "మా ఇంట్ల పొయ్యి కరాబైంది సాబ్" అన్నారు.

ఇంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. ఇక్కడ నేను కొంచెం గొప్ప చెప్పుకోవాలి, ఎందుకంటే చెప్పుకోదగిన గొప్ప నాకు అదొక్కటే. బతుకమ్మ పేర్చడంలో మా ఊళ్లో నా తర్వాతే ఎవరైనా. తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చుకుంటూ పోతే గోపురంలాగా లేచేది, ఎక్కడా ఒక పువ్వు వంకర ఉండేది కాదు. క్వార్టర్ల ఆడవాళ్లందరం జీపు షెడ్డు ముందున్న మైదానంలో ఆడేవాళ్లం. మొదటి రోజే పెద్దవ్వ నా బతుకమ్మను చేత్తో తడిమి, "ఎవలు పేర్చిండ్రే గిది? నీ చేతుల గౌరమ్మే ఉన్నది బిడ్డా" అంది. పక్కనే ఓవర్సీరమ్మ బతుకమ్మ తాగినవాడిలాగా ఒక వైపు ఒరిగి ఉంది. పాట రెండు చుట్లు తిరిగేసరికి పూర్తిగా పడుకుంది. దేవుడు నన్ను క్షమించాలి గానీ, ఆ రాత్రి చాలా వారాల తర్వాత నాకు కమ్మగా నిద్ర పట్టింది.

ఆ నిద్రలోంచే ఆలోచన లేచింది. దసరా నాడు జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుని, అలాయి బలాయి తీసుకున్నాక అందరూ బీడీవో సాబు ఇంటి వసారాలో కూడుతారు. మళ్లీ ఇంటికొక వస్తువు. ఓవర్సీరమ్మ మళ్లీ సలాదు తెస్తుంది. ఆమెది పళ్లెంలో పరుచుకుని పడుకునే సలాదు. నాది నిలబడే సలాదు ఎందుకు కాకూడదు? పేర్చడం నా విద్య. పువ్వుకు బదులు కూరగాయ, అంతే కదా! ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందా అని నాకే ఆశ్చర్యం వేసింది.

సంతకు పోయి కీరదోసలు, ముల్లంగి, టమాటాలు ఏరి ఏరి కొన్నాను. ఉట్నూరులో దొరకని గోబిగడ్డ (ఇప్పుడు క్యాబేజీ అంటున్నారు) బస్సు డ్రైవరుకు చెప్పి ఆదిలాబాద్ నుంచి తెప్పించాను. దసరా నాడు మధ్యాహ్నం మావారిని జమ్మికి తోలేసి తలుపు గడియ పెట్టాను. ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, కీరచక్రాలు అంచు వెంట చుట్టూ వరస. లోపల కదలకుండా సన్నగా తరిగిన గోబిగడ్డ నింపాను. దాని మీద టమాటా వరస. ముల్లంగిని సన్నగా పొడుగ్గా కోసి, సగం తెల్లగానే ఉంచి, సగం బచ్చలి పండ్ల రసంలో ముంచితే అచ్చం రంగు వేసిన గునుగు పువ్వే. మళ్లీ కీర, మళ్లీ ఉల్లి చక్రాలు, మళ్లీ ముల్లంగి. వరస వరసకూ ఉప్పు, నిమ్మరసం. మొనకు వచ్చేసరికి, బతుకమ్మకైతే పసుపు గౌరమ్మను పెట్టే చోట ఏం పెట్టాలో తోచక, ఒక గుండ్రటి పసుపుపచ్చ నిమ్మకాయ పెట్టాను. వెనక్కి జరిగి చూసుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఆ సమయానికి ఆపా జల్లెడ అడగడానికి వచ్చి, తలుపు సందులోంచి చూసి నోటి మీద చేయి వేసుకుంది.

"అరె బహెన్! గిది తినేదా, మొక్కేదా?"

"తినేదే ఆపా. సలాదు."

"జర ఫికరైతుంది నాకు" అని మాత్రం అని జల్లెడ తీసుకుని పోయింది. నేను పట్టించుకోలేదు. గెలుపు వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు ఫికర్ ఎవరికి కావాలి?

తాంబాళాన్ని తెల్లని దస్తీతో కప్పి తల మీద పెట్టుకుని బయల్దేరాను. వసారా నిండా జనం. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. నడుమ బల్ల మీద ఓవర్సీరమ్మ పళ్లెం ముందే ఉంది. ఈసారి పాలపిట్ట చేసింది, దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని. చూశాను. బాగుంది. ఒప్పుకోక తప్పనంత బాగుంది. అయినా నాకు భయం వేయలేదు. నా తాంబాళాన్ని దాని పక్కనే దించి, అందరూ నా వైపు తిరిగేదాకా ఆగి, దస్తీ తీశాను.

వసారా అంతా నిశ్శబ్దం. నేను ఇన్ని వారాలుగా కలగన్నది ఆ నిశ్శబ్దాన్నే. బీడీవో సాబు ముందుకు వంగి, "అరె వాహ్, గిది సలాదేనా?" అంటూ ఒక కీరచక్రం తీయబోయాడు. ఆయన వేళ్లు దాన్ని తాకాయో లేదో, పక్కనుంచి పెద్దవ్వ ఆయన చేతి మీద ఫట్టుమని ఒకటి వేసింది.

"చెయ్యి తియ్‌రా! గౌరమ్మను గిల్లుతవా? గింత సదువుకొని గిదేనా నీ బుద్ధి?"

బ్లాకు మొత్తాన్ని వణికించే మనిషి చేయి వెనక్కి తీసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు. పెద్దవ్వ రెండు చేతులూ జోడించి నా సలాదు ముందు నిలబడింది. "తల్లీ, నిన్ననే సాగనంపితిమి గదనే! మళ్ల తిరిగొచ్చినవా? ఏం తక్వ చేసినం తల్లీ?"

"పెద్దవ్వా, గిది బతుకమ్మ గాదు. సలాదు" అన్నాను.

"సలాదమ్మనా? ఏ ఊరి తల్లి బిడ్డా? మీ హుస్నాబాద్ దిక్కు వెలసిందా?"

"తల్లి గాదు పెద్దవ్వా, తినేటిది. కీరకాయ, ముల్లంగి..."

"మరి మీద గౌరమ్మ ఉన్నది గదా?"

"అది నిమ్మకాయ."

పెద్దవ్వ దగ్గరికి వంగి చూసింది, తడిమింది, వాసన కూడా చూసింది. నిమ్మకాయే అని తెలిసింది కూడా. అయినా ఆమె నమ్మకం ఇసుమంత కూడా కదల్లేదు. "పూలు దొరకని కాడ ఆకులు పెట్టి మొక్కుతరు, పసుపు దొరకని కాడ నిమ్మకాయ పెడ్తరు. పేర్చినంక అది బతుకమ్మనే. బతుకమ్మను కొరుక్కతిన్నోళ్లను నేనైతె నా బతుకుల జూడలే" అంది. ఆడవాళ్లందరూ తలలూపారు. నాకు కూడా, నిజం చెబితే, ఆ గోపురాన్ని చూస్తూ ఉంటే, దాన్ని చెంచాతో కూల్చి పళ్లాల్లో పెట్టడం ఎట్లాగో అప్పుడే మొదటిసారి తట్టింది. పేర్చడం గురించి అంత ఆలోచించాను గానీ తినడం గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు.

"ఇంట్ల ఉంచద్దు. పొద్దు గూకకముందే సాగనంపాలె" అని పెద్దవ్వ తీర్పు చెప్పింది. నా తాంబాళం నా తల మీదికే ఎక్కింది. వెనుక ఆడవాళ్లందరూ. పెద్దవ్వ అప్పటికప్పుడు పాట కట్టింది:

"సలాదమ్మ వచ్చె ఉయ్యాలో, సల్లంగ జూడమ్మ ఉయ్యాలో!"

ఉప్పు, నిమ్మరసం కలిసి ఊరిన నీళ్లు తాంబాళంలోంచి నా చెవుల వెనుకగా కారుతుంటే, నేను కూడా ఉయ్యాలో అన్నాను. అనకపోతే బాగుండదు కదా. వాగులో మోకాలు లోతు కూడా నీళ్లు లేవు. సలాదమ్మను నీళ్లలోకి జార్చగానే ఒక్క క్షణం ఠీవిగా తేలింది, నాలుగడుగులు పోయి రాయికి తట్టుకుని ఒరిగింది. టమాటాలు ముందుగా విడిపోయి వరసగా ఈదుకుంటూ పోయాయి. అవతలి గట్టున నీళ్లు తాగుతున్న ఒక బర్రె తల ఎత్తి చూసి, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, నేను ఆదిలాబాద్ నుంచి తెప్పించిన గోబిగడ్డను కళ్లు మూసుకుని నమిలింది. మా అత్త మాట గుర్తొచ్చి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తల్లి ఆరగిస్తున్నది" అని పెద్దవ్వ మళ్లీ దండం పెట్టింది.

తిరిగి వచ్చేసరికి వసారాలో మగవాళ్లు పాలపిట్టను తోకతో సహా పూర్తి చేశారు. మావారి చేతిలో చివరి కీరముక్క ఉంది. నన్ను చూసి దాన్ని ఎక్కడ దాచాలో తెలియక నోట్లో వేసుకున్నారు. నేనేమీ అనలేదు. (ఏమీ అనకపోవడం నాకూ వచ్చు.)

ఇంటికి పోతుంటే వెనుకనుంచి ఓవర్సీరమ్మ వేగంగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన కలిసింది. నవ్వుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. నవ్వితే ఏమనాలో కూడా దారిపొడుగునా కూర్చుకున్నాను. ఆమె నవ్వలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అక్కా, ఒక మాట జెప్త, పెద్దవ్వతోని అనకుండ్రి. వాగు కాడికి పోయేటప్పుడు మీ వెనుకనే ఉన్న గదా, ఒక ముల్లంగి ముక్క దీసి తిన్న. ఉప్పు, నిమ్మకాయ బరాబర్ పడ్డయి. బచ్చలి పండు రసం ఆలోచన నాకెప్పుడూ రాలే" అంది.

నేను నిలబడిపోయాను. అంత కష్టపడి చేసిన దాన్ని తిన్న మనిషి, బర్రెను లెక్కలోంచి తీసేస్తే, ఆమె ఒక్కతే. సంతోషించాల్సింది. నాకు మాత్రం కుళ్లు రెండింతలైంది. చెయ్యి మంచిది సరే, చీర నలగదు సరే, ఇప్పుడు మనసు కూడా మంచిదై చావాలా? నాకు కొంచెం కూడా ఏమీ మిగల్చదా ఈ పిల్ల?

"నా బతుకమ్మ నిలబడుతలే అక్కా. రోజూ ఒరిగిపోతుంటే అందరి ముందర సిగ్గైతుంది. మీది జూసినప్పుడల్లా నాకు లోపల మండుతది, ఏం జెయ్యాలె? వచ్చే ఏడు నేర్పిస్తరా?" అంది.

మండుతుందట! ఆ మాట అంత సులువుగా, ఒట్టి ఆకలవుతోందన్నట్టుగా చెప్పేసింది. నేను రెండు నెలలుగా తలుపేసుకుని దాచుకున్న దాన్ని ఆమె రోడ్డు మీద బయటపెట్టేసింది. దాంట్లో కూడా నన్ను మించిపోయింది.

నేర్పిస్తానన్నాను. నేర్పించాను కూడా, ఏ మెళకువా దాచకుండా. అడుగున ఆకు ఎట్లా అదమాలో, వరస మారేటప్పుడు చుట్టు ఎంత తగ్గించాలో చేయి పట్టి చూపించాను. ఆమె నాకు టమాటా గులాబీ నేర్పింది. మరుసటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఆమె బతుకమ్మ నా బతుకమ్మ కంటే జానెడు ఎత్తు లేచింది. పెద్దవ్వ తడిమి చూసి, "ఎవలు పేర్చిండ్రే గిది?" అని అడిగింది. "అక్క నేర్పింది" అని ఓవర్సీరమ్మ అంది. మావారు ఇంటికి వస్తూ, "ఎంత ఎత్తు పేర్చిందే! గామె చెయ్యి..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి, దగ్గు వచ్చినట్టు దగ్గారు.

ఆ చలికాలంలోనే ఓవర్సీరు గారికి కరీంనగర్ బదిలీ అయింది. సామాను లారీలో వేసి, వాళ్లు బస్సెక్కేటప్పుడు అందరం వెళ్లాం. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. ఇంటికి వచ్చాక ఉల్లిగడ్డలు కోస్తూ ఏడ్చాను, అడిగితే చెప్పడానికి కారణం ఉంటుందని. "ఇగ నీకు పోటీ లేదు గదా" అని మావారు నవ్వారు.

నిజంగానే పోటీ లేదు. మరుసటి బతుకమ్మకు తంగేడు ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు వరసలు పేర్చాక పక్కకు చూశాను. పక్క క్వార్టరు వాకిట్లో ఎవరూ లేరు. ఇంకొక వరస పేర్చి లేచాను. పెద్దవ్వ తడిమి, "ఏందే బిడ్డా, ఈ ఏడు గింత చిన్నగున్నది?" అంది. పువ్వులు దొరకలేదని చెప్పాను. ఆ ఏడు ఉట్నూరు చుట్టూ ఎక్కడ చూసినా తంగేడే పూసింది. ఎవరిని చూసి ఎత్తు పెంచాలో తెలియక ఒళ్లో బుట్టెడు పువ్వులు పెట్టుకుని కూర్చున్న ఆ కుళ్లుబోతు పిల్లను తలుచుకుంటే, ఇన్నేళ్ల తర్వాత నాకు దాని మీద కోపం రాదు. జర దగ్గరికి తీసుకుని, "పోనీలే బిడ్డా, ఇంకొక వరస పేర్చు" అనాలనిపిస్తుంది.